ఖాళీ సమాధి గురించి నాలుగు సువార్తలూ నాలుగు విధాలుగా చెబుతుంటే పునరుత్థానాన్ని ఏ ఆధారంతో నమ్మాలి?

ప్రశ్న
వశిష్ఠ ఒడ్డు, రాజోలు దగ్గర

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగాను. మాది తాతల నాటి నుంచి నరసాపురం వైపు బ్రదరన్ సహవాసం. 1836లో మన దేశానికి వచ్చి ఈ డెల్టాలో పరిచర్య మొదలుపెట్టిన విలియం బౌడెన్, జార్జి బీర్‌ల పేర్లు మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా సహవాసంలో బిషప్పులు లేరు, అచ్చు వేసిన ఆరాధన క్రమం లేదు, లేఖనమే సర్వస్వం. అందువల్ల లేఖనంలో ఒక్కచోట సందేహం కలిగినా మాకు అది మొత్తం విశ్వాసానికి సంబంధించిన సందేహం అయి కూర్చుంటుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలు చదవడం వల్ల రాలేదు. కిందటి సార్వా కోతలప్పుడు మా సంఘంలోని ఒక సహోదరుడు కుప్ప వేయడానికి పనలు ఎత్తుతుండగా రక్తపింజరి కరిచింది. గట్టు మీదికి మోసుకొచ్చేసరికే మోకాలి కింద వాచి చర్మం నిగనిగలాడుతోంది. ఆ వారం కూటాల కోసం వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకరు అక్కడే ఉన్నారు. ఆయన మార్కు 16:18 చదివి, నమ్మినవారిని పాములు ఏమీ చేయలేవని ప్రభువే సెలవిచ్చాడు గనుక ప్రార్థన చేస్తే చాలునని అన్నారు. మా మేనమామ సంఘపెద్ద. ప్రార్థన ఆటోలో కూర్చుని కూడా చేసుకోవచ్చునని చెప్పి, ఆ మనిషిని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి విషానికి విరుగుడు ఎక్కించారు. మనిషి బతికాడు.

ఆ రాత్రి నేను మార్కు 16వ అధ్యాయం గురించి వెతికితే, 9వ వచనం నుంచి 20వ వచనం దాకా ఉన్న భాగం మనకు దొరికిన అతి పాత సంపూర్ణ ప్రతులు రెండింటిలోనూ లేదని తెలిసింది. పామును గురించిన మాట సరిగ్గా ఆ భాగంలోనే ఉంది. ఆ ప్రసంగీకుడిని అడిగితే ఇలాంటి ప్రశ్నలు అపవాది పుట్టిస్తాడని అన్నారు. మా మామయ్యను అడిగితే, "ఆ ముక్క తరువాత చేరినదే అయినా ప్రభువు లేచాడన్నది మారదురా" అన్నారు. మారదని ఆయనకు ఎలా తెలుసునన్నదే నా సందేహం.

తరువాత నాలుగు సువార్తలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మార్కులో ముగ్గురు స్త్రీలు సూర్యోదయ సమయంలో వస్తారు, సమాధి లోపల తెల్లని బట్టలు వేసుకున్న ఒక యువకుడు కూర్చుని ఉంటాడు, వారు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పరు. మత్తయిలో ఇద్దరు మరియలు వస్తారు, భూమి కంపిస్తుంది, దూత దిగివచ్చి రాయిని పొర్లించి దాని మీద కూర్చుంటాడు, వారు సంతోషంతో శిష్యులకు చెప్పడానికి పరుగెత్తుతారు. లూకాలో యోహన్న కూడా ఉంటుంది, ప్రకాశించే వస్త్రాలతో ఇద్దరు మనుషులు నిలబడతారు. యోహానులో ఇంకా చీకటి ఉండగానే మగ్దలేనే మరియ వస్తుంది, మొదట దూతలెవరూ కనిపించరు. శిష్యులు ప్రభువును గలిలయలో చూశారని మత్తయి చెబుతుంటే, యెరూషలేము విడిచి వెళ్ళవద్దని ప్రభువే అన్నాడని లూకా చెబుతున్నాడు.

సాక్ష్యాలు ఇంతగా వేరుపడినప్పుడు పునరుత్థానం జరిగిన సంఘటన అని నమ్మడం న్యాయమేనా? లేఖనంలో ఒక భాగం తరువాత చేరిందని ఒప్పుకుంటే మిగిలిన భాగాన్ని ఏ కొలతతో నమ్మాలి? విశ్వాసులూ విశ్వాసం లేనివారూ కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


జవాబు
సీయోను యాత్రికుడు, భీమవరం

సహోదరుడా, మీరు చూపించినవి విరోధాలు కావు. మగ్దలేనే మరియ ఒక్కతే వచ్చిందని యోహాను ఎక్కడా చెప్పలేదు. ఆమె పేతురుతో మాట్లాడినప్పుడు ఆయనను ఎక్కడ ఉంచారో "మాకు తెలియదు" అంటుంది. పక్కన ఇంకా కొందరు ఉన్నారని దాన్నిబట్టే అర్థమవుతుంది. చీకటితో ఇంటి దగ్గర బయలుదేరినవారు సమాధి చేరేసరికి పొద్దు పొడిచి ఉండవచ్చు. దూతలు ఇద్దరున్నా మాట్లాడినవాడు ఒక్కడైతే ఒకరు ఆ ఒక్కడినే రాస్తారు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం ప్రకారం ప్రభువు నలభై దినాలు కనబడుతూ వచ్చాడు గనుక యెరూషలేములోనూ కనబడవచ్చు, గలిలయలోనూ కనబడవచ్చు.

మార్కు చివరి భాగం విషయానికి వస్తే, సుమారు 180లో సంఘనాయకుడైన ఇరేనియస్ 16:19ని మార్కు సువార్త నుంచే ఉదహరించాడు. మీరు చెప్పిన రెండు ప్రతులూ నాలుగో శతాబ్దానివి. ఏది పాతదో మీరే ఆలోచించండి. పాముల విషయంలో మాత్రం మీ మామయ్యగారు చేసిందే సరైన పని. ప్రభువును శోధింపకూడదని మత్తయి 4:7లో స్పష్టంగా ఉంది. ఆ వచనాన్ని ఆసుపత్రికి అడ్డుపెట్టడం ప్రసంగీకుని తప్పు, వాక్యానిది కాదు.


జవాబు
చించినాడ, పాలకొల్లు

భీమవరం సహోదరుడు చెప్పిన సమన్వయాలు మా బైబిలు తరగతులలో నేనూ విన్నవే. వాటిలో కొన్ని నిజమే కావచ్చు. అయితే నాలుగింటినీ కలిపి ఒకటిగా కుట్టినప్పుడు నలుగురిలో ఎవరూ రాయని అయిదో సువార్త ఒకటి తయారవుతుంది, అసలు రాసిన నలుగురి గొంతులూ అందులో వినిపించకుండా పోతాయి. గలిలయ విషయమే చూడండి. మార్కులో యువకుడు, ఆయన మీకు ముందుగా గలిలయకు వెళుతున్నాడు, అక్కడ ఆయనను చూస్తారు అని చెబుతాడు. మార్కును ముందు పెట్టుకుని రాసిన లూకా అదే చోట, ఆయన గలిలయలో ఉండగా మీతో చెప్పిన మాట జ్ఞాపకం చేసుకోండి అని మారుస్తాడు. లూకాకు కథ యెరూషలేములోనే జరగాలి, ఎందుకంటే అతని రెండో పుస్తకమైన అపొస్తలుల కార్యములు అక్కడే మొదలవుతుంది. ఇది పొరపాటున వచ్చిన తేడా కాదు, రచయిత తెలిసి చేసిన ఎంపిక. దీన్ని ఒప్పుకోవడానికి విశ్వాసి ఎందుకు వెనుకాడాలో నాకు అర్థం కాదు.

మార్కు చివరి పన్నెండు వచనాల సంగతి ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఒక మనిషి ప్రాణం దాకా వచ్చింది. సీనాయి కొండ దగ్గరి సెయింట్ కేథరిన్ మఠంలో దొరికిన సినాయిటికస్ ప్రతి, వాటికన్ గ్రంథాలయంలోని వాటికానస్ ప్రతి, రెండూ 16:8తో ముగుస్తాయి. తమ కాలపు గ్రీకు ప్రతులలో చాలావాటిలో ఈ భాగం లేదని నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యూసెబియస్, ఆ తరువాత బైబిలు పండితుడు జెరోమ్ రాశారు. ఇరేనియస్ ఉదాహరణ వల్ల రెండో శతాబ్దంలోనే ఈ ముగింపు ఉన్నదని రుజువవుతుంది గాని, దాన్ని మార్కే రాశాడని రుజువు కాదు. పైగా మగ్దలేనే మరియను మొదటి వచనంలోనే పేరు చెప్పి తీసుకువచ్చిన రచయిత, తొమ్మిదో వచనంలో ఆమెను కొత్త మనిషిగా మళ్ళీ పరిచయం చేయవలసిన అవసరం ఏముంది? మన ఇళ్ళలోని తెలుగు బైబిలులో ఈ పన్నెండు వచనాలూ ఉన్నాయి, ఉండనివ్వండి. కానీ వాటి చరిత్రను పొలాల్లో పనిచేసుకునే విశ్వాసులకు చెప్పకుండా దాచే బోధకుడు, వారి విశ్వాసాన్ని కాపాడుతున్నానని అనుకుంటూనే వారిని ప్రమాదంలో పెడుతున్నాడు. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. పునరుత్థానానికి సాక్ష్యాన్ని సువార్తలతో మొదలుపెట్టడం వల్ల చిక్కు వస్తోంది. మనకున్న అతి పాత లిఖిత సాక్ష్యం సువార్తలది కాదు, పౌలుది. మొదటి కొరింథీ పత్రికను ఆయన సుమారు 53కూ 55కూ మధ్య ఎఫెసు నుంచి రాశాడు. అప్పటికి సిలువ మరణం జరిగి పాతికేళ్ళు దాటలేదు, మార్కు సువార్త ఇంకా పుట్టలేదు. 15వ అధ్యాయంలో ఆయన, నాకు అప్పగించబడిన దానినే మీకు అప్పగించాను అంటూ ఒక పట్టిక ఇస్తాడు: క్రీస్తు మృతిపొందాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు, కేఫాకు (అంటే పేతురుకు), తరువాత పన్నెండుగురికి, ఆపైన అయిదువందలకు పైగా సహోదరులకు, యాకోబుకు, అపొస్తలులందరికీ, చివరగా తనకు కనబడ్డాడు. ఆ అయిదువందలలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా చెబుతాడు. గలతీ పత్రిక మొదటి అధ్యాయం ప్రకారం, తనకు దర్శనమైన మూడేళ్ళకు యెరూషలేము వెళ్ళి కేఫాతో పదిహేను దినాలు గడిపాడు, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాడు. పట్టికలో పేరున్న ఇద్దరితో ముఖాముఖి మాట్లాడిన మనిషి ఈ పట్టికను మనకు అందించాడన్నమాట. ఇది నాలుగైదు తరాలు నోటినోటా పెరిగిన కథ కాదు.

స్త్రీల సంగతి కూడా ఆలోచించండి. స్త్రీల సాక్ష్యాన్ని అంగీకరించకూడదని యూదుల ధర్మాన్ని వివరిస్తూ మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని ఖండించిన సెల్సస్, ఈ విశ్వాసం ఒక ఉన్మాదిని చెప్పిన మాట మీద నిలిచిందని ఎగతాళి చేశాడు. కథ అల్లేవారెవరైనా తమను నవ్వులపాలు చేసే సాక్షులను ముందు నిలబెట్టరు. నాలుగు సువార్తలూ ఎన్ని వివరాలలో వేరుపడినా, ఆ ఉదయం సమాధి దగ్గరికి ముందు వెళ్ళింది స్త్రీలేనని, వారిలో మగ్దలేనే మరియ ఉందని నాలుగూ ఒక్క మాటగా చెబుతున్నాయి. సిలువ వేసినవారిని పాతిపెట్టనిచ్చేవారు కాదు గనుక సమాధే కల్పన అన్నవారు కూడా ఉన్నారు. కానీ 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో, మడమ ఎముకలో మేకు అలాగే ఉన్న మనిషి అస్థికలు రాతిపెట్టెలో దొరికాయి. సిలువ మీద చనిపోయినవాడికి మర్యాదగా సమాధి జరగడం అసాధ్యం కాదని ఆ మేకు చెబుతోంది.

చరిత్ర ఎక్కడిదాకా వస్తుందో కూడా చెప్పాలి. గెర్డ్ ల్యూడెమాన్ అనే జర్మన్ పండితుడు పునరుత్థానాన్ని నమ్మలేదు, అయినా యేసు మరణం తరువాత పేతురుకూ శిష్యులకూ ఆయన కనబడిన అనుభవాలు కలిగాయన్నది చారిత్రకంగా నిశ్చయమని ఒప్పుకున్నాడు. అవి మనసులో కలిగిన దర్శనాలని ఆయన తీర్పు. పింఖాస్ లపీడె అనే యూదు పండితుడు యేసును మెస్సీయగా అంగీకరించకుండానే పునరుత్థానం నిజంగా జరిగిందని వాదించాడు. ఒకే ఆధారాలు చదివిన ఇద్దరూ ఎదురెదురు తీర్పులకు వచ్చారు. శిష్యులు ఏదో చూశారన్నంత వరకు నన్ను చరిత్ర తీసుకువస్తుంది. వారు చూసింది ప్రభువునేనన్నది నేను చేసే తీర్పు, అందులో నా జీవితం కూడా కలిసి ఉంది. ఈస్టరు తెల్లవారుజామున మా ఊరి సమాధుల తోటలో సున్నం తడి ఆరని సమాధుల మధ్య కొవ్వొత్తులు పట్టుకుని నిలబడినప్పుడు, మా అమ్మ పేరు చెక్కిన రాయి ముందు కొరింథీ పత్రికలోని ఆ అధ్యాయాన్నే చదువుతాం. అక్కడ నేను చదివేది నిజమని నమ్మే చదువుతాను. ఆ నమ్మకానికి లూకా, మత్తయి వివరాలలో ఏకీభవించాలన్న షరతు నేను పెట్టలేదు, పౌలు కూడా పెట్టలేదు.


జవాబు
కౌశిక, అమలాపురం

నాకు ఏ మతవిశ్వాసమూ లేదు. పాలకొల్లు పెద్దాయన చెప్పినంత నిజాయితీగా ఈ విషయం చెప్పిన విశ్వాసులను నేను తక్కువగా చూశాను గనుక, ఆయన వాదానికే జవాబిస్తాను.

పౌలు పట్టికే అతి పాత ఆధారమని ఆయన అన్నారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ పట్టికలో పౌలు తనను కూడా చేర్చుకున్నాడు. అపొస్తలుల కార్యములు ప్రకారం దమస్కు దారిలో పౌలు చూసింది ఒక వెలుగు, విన్నది ఒక స్వరం. బతికి ఉన్న యేసును ఆయన ఎరిగినట్టు ఎక్కడా రాయలేదు. తనకు కలిగిన ఆ దర్శనాన్ని కేఫాకు కలిగిన దానితో ఒకే వరుసలో, ఏ భేదమూ చెప్పకుండా పెట్టాడు. అంటే మనకున్న మొట్టమొదటి సాక్ష్యం దర్శనాల సాక్ష్యం. ఖాళీ సమాధి మాట గాని, స్త్రీల మాట గాని అందులో లేదు. ఆ తరువాత కాలక్రమంలో చూడండి. సుమారు 70 నాటి మార్కులో, ఎనిమిదో వచనంతో ఆపితే, లేచిన యేసు ఎవరికీ కనబడడు. మరో పది ఇరవై ఏళ్ళకు వచ్చిన మత్తయిలో స్త్రీలు ఆయన పాదాలు పట్టుకుంటారు. లూకాలో ఆయన కాల్చిన చేప తింటాడు. శతాబ్దం చివరి యోహానులో గాయంలో వేలు పెట్టి చూడమని తోమాను పిలుస్తాడు. కాలం గడిచేకొద్దీ శరీరం గట్టిపడుతూ వచ్చింది. సందేహించేవారు పెరిగినకొద్దీ కథ వారికి జవాబు చెప్పడం నేర్చుకుంది. అయిదువందల మంది మాట ఎంత గొప్పదైనా వారిలో ఒక్కరి పేరు లేదు, చోటు లేదు, ఏ సువార్తలోనూ ఆ సంఘటన లేదు.

మనవారికి ఇలాంటి కథ కొత్తది కాదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధిలోకి వెళ్ళిన తరువాత, పూలు తీసుకుని తిరిగివచ్చిన సిద్ధయ్య విలపిస్తే, స్వామి సమాధి నుంచి వెలికివచ్చి దర్శనమిచ్చి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చారని భక్తులు నమ్ముతారు. తమిళనాడులో వడలూరు దగ్గర మేట్టుకుప్పంలో రామలింగస్వామి 1874 జనవరిలో ఒక గదిలోకి వెళ్ళి తలుపు వేయించుకున్నారు, తరువాత తెరిస్తే గది ఖాళీగా ఉంది. ఇది ఆ నాటి ప్రభుత్వ గ్రంథాలకు కూడా ఎక్కిన సంగతి, మనకు నూటయాభై ఏళ్ళ దూరంలో ఉంది. ఆయన జ్యోతిలో కలిశారని భక్తులు అంటే నా క్రైస్తవ మిత్రులెవరూ ఒప్పుకోరు. ఒక ఖాళీ గదికి ఒక న్యాయం, ఒక ఖాళీ సమాధికి ఇంకొక న్యాయం ఎందుకు? అద్భుతాన్ని గురించిన సాక్ష్యం నమ్మాలంటే, ఆ సాక్ష్యం అబద్ధం కావడమే అంతకన్నా పెద్ద అద్భుతం అయి ఉండాలని తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో అన్నాడు. ఆ కొలతను నేను అన్ని మతాలకూ ఒకేలా వాడుతున్నాను.

ప్రతుల సంఖ్య గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు గాని, తప్పకుండా ఎత్తుతారు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు, చిన్న ముక్కలతో కలిపి, సుమారు 5,800 ఉన్నాయి. వాటిలో అత్యధికం తొమ్మిదో శతాబ్దం, ఆ తరువాతవి. రచయిత ఏమి రాశాడో తేల్చడానికి అవి ఎంతో ఉపయోగపడతాయి. రాసినది జరిగిందా లేదా అన్నది తేల్చడానికి వాటి వల్ల అణుమాత్రం ప్రయోజనం లేదు.

ఒక్క మాట. మా తాతయ్య పోయిన తరువాత మా నాయనమ్మ చాలాకాలం పొద్దున్నే ఆయన పడక్కుర్చీ పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు పెట్టేది. ఆయన వచ్చి కూర్చున్నారని, తాను చూశానని చెప్పేది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, మతి తప్పిన మనిషీ కాదు. శిష్యులను నేను మోసగాళ్ళని ఎన్నడూ అనను. వారు ప్రాణం కన్నా ఎక్కువగా ప్రేమించిన మనిషిని ఘోరంగా పోగొట్టుకున్నారు.


జవాబు
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తణుకు

నేను క్రైస్తవుణ్ణి కాను, నాస్తికుణ్ణీ కాను. సాక్ష్యాన్ని తూచడానికి మన ప్రాచీన న్యాయదర్శనంలో (తర్కశాస్త్రంలో) ఒక పద్ధతి ఉంది, అది ఇక్కడ పనికివస్తుందని రాస్తున్నాను.

ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని, అంటే నమ్మదగిన మాట అని, న్యాయసూత్రాలు రాసిన గౌతముడు సూత్రీకరించాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక గలవాడు ఆప్తుడు. ఆ సూత్రానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని స్పష్టం చేశాడు. కనుక సాక్షి ఏ మతంవాడని అడగనక్కరలేదు, అతడికి తెలుసునా, నిజం చెప్పదలచాడా అని అడిగితే చాలు. మీమాంసకులు వేదాన్ని అపౌరుషేయమన్నారు, పురుషుడే లేనప్పుడు పురుషదోషం ప్రసక్తి లేదన్నారు. క్రైస్తవ గ్రంథాన్ని కొందరు విశ్వాసులు అలా నిలబెట్టాలని చూస్తారు గాని, ఆ గ్రంథమే వారికి సహకరించదు. లూకా తన పుస్తకం మొదట్లోనే, కన్నులారా చూసినవారు అప్పగించిన దానిని తాను మొదటి నుంచి తరచి పరిశీలించి వరుసగా రాస్తున్నానని చెప్పుకున్నాడు. అది పరిశోధకుని మాట. కనుక లూకాను నైయాయికుని త్రాసులోనే పెట్టాలి.

అలా పెడితే ఏమి తేలుతుంది? స్త్రీలు ఇద్దరా ముగ్గురా అన్న తేడా వల్ల మూలవిషయం కొట్టుకుపోదు, మన కోర్టులలో సాక్షులు కూడా అలాగే చెబుతారు. కానీ లూకా తానే చూసినవాడు కాడు, మార్కు కూడా చూశానని ఎక్కడా చెప్పలేదు. "నేను చూశాను" అని తన పేరు మీద, తన పత్రికలో చెప్పి, ఎవరో మనకు నిస్సందేహంగా తెలిసిన సాక్షి పౌలు ఒక్కడే. ఆయన చూసినది ఏమిటన్న దగ్గర కౌశికగారి ప్రశ్న బలంగా ఉంది.

అయితే సిద్ధయ్య ప్రస్తావన పూర్తిగా అతకదు. బ్రహ్మంగారి భక్తులెవరూ, సిద్ధయ్యకు ఆ దర్శనం జరగకపోతే మా భక్తి వ్యర్థమని అనరు. క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమని పౌలు తానే రాశాడు. ఇంత పెద్ద పందెం కాసిన మతాన్ని ఎక్కువ రుజువు అడగడం అన్యాయం కాదు, వారే ఆ షరతు పెట్టుకున్నారు. అలా పెట్టుకున్న ధైర్యాన్ని నేను గౌరవిస్తాను.


ప్రశ్న అడిగినవారు
వశిష్ఠ ఒడ్డు, రాజోలు దగ్గర

అందరికీ కృతజ్ఞతలు. మా మామయ్యకు ఇవన్నీ చదివి వినిపించాను. కౌశికగారు రాసిన నాయనమ్మగారి మాట దగ్గర ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బుధవారం బైబిలు స్టడీలో నాలుగు కథనాలనూ పక్కపక్కన చదివిద్దామని ఆయనే అన్నారు.

ఒక్క విషయం మిగిలింది. మత్తయి 27:52, 53లో, యేసు మరణించినప్పుడు సమాధులు తెరవబడి నిద్రించిన పరిశుద్ధులు అనేకులు లేచారని, ఆయన పునరుత్థానం తరువాత పట్టణంలోకి వెళ్ళి చాలామందికి కనబడ్డారని ఉంది. యెరూషలేమంతా చూసిన సంగతిని మిగిలిన ముగ్గురూ ఎందుకు రాయలేదు? దీన్ని కూడా పౌలు పట్టికతో సమానంగా నమ్మాలా?


జవాబు
చించినాడ, పాలకొల్లు

సమానంగా నమ్మమని నేను చెప్పను. ఆ రెండు వచనాలు మత్తయిలో తప్ప ఎక్కడా లేవు, జోసీఫస్ కూడా ఆ సంగతి రాయలేదు. అంతమంది మృతులు పట్టణంలో తిరిగి ఉంటే పౌలు కొరింథీయులతో వాదించేటప్పుడు తప్పక ఎత్తిచూపేవాడు. యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకలు లేచినట్టు, యుగాంతం మొదలైందని మత్తయి ప్రవక్తల చిత్రభాషలో చెబుతున్నాడని నేను చదువుకుంటాను. మైకేల్ లికోనా అనే అమెరికన్ విశ్వాసి, పునరుత్థానాన్ని చారిత్రకంగా సమర్థిస్తూ 2010లో రాసిన పుస్తకంలోనే, ఈ రెండు వచనాలు కావ్యభాష కావచ్చునని అన్నందుకు సొంత వర్గం నుంచే తీవ్రమైన విమర్శ ఎదుర్కొన్నారు. మీ సంఘంలో కూడా కొందరు నొచ్చుకుంటారు, ముందే తెలుసుకుని వెళ్ళండి.

కౌశికగారికి నా జవాబు ఇది. పోగొట్టుకున్నవారి దుఃఖం పేతురుకు కలిగిన దర్శనాన్ని వివరించగలదు. పౌలు ఎవరినీ పోగొట్టుకోలేదు, ఆయన ఈ సంఘాన్ని హింసిస్తున్నవాడు. యేసు బతికి ఉండగా ఆయన సహోదరులు ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7:5లో ఉంది. వారిలో ఒకడైన యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, చివరకు రాళ్ళతో కొట్టబడి చనిపోయాడని సువార్తలతో సంబంధం లేని జోసీఫస్ రాశాడు. శత్రువుకూ, నమ్మని తమ్ముడికీ ఒకే రకమైన అనుభవం ఎందుకు కలిగిందో మీ వివరణలో నాకు కనిపించలేదు. శరీరం గట్టిపడుతూ వచ్చిందన్న మీ మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. పౌలు తానే లేచిన శరీరాన్ని ఆత్మసంబంధమైన శరీరమని అన్నాడు, లూకా చేపకూ పౌలు మాటకూ మధ్య దూరం ఉన్నమాట నిజం.

రాజోలు తమ్ముడూ, బుధవారం స్టడీకి ఒక సూచన. మొదటి వారం మార్కు 16లో ఎనిమిది వచనాలు మాత్రమే చదివి ఆపండి, తొమ్మిదో వచనం నుంచి ఏమి ఉందో, ఎందుకు ఉందో రెండో వారం చూడవచ్చు. పాము కరిచిన ఆ సహోదరుడిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. వీలైతే ఆ ప్రసంగీకుడిని కూడా పిలవండి, ఆయన చెప్పవలసింది ఆయన చెప్పాలి.